అరుగు మీది ముచ్చట కళ ఎట్లా అవుతుంది?

గత సంచికలో అమెరికన్ కళాకారిణి సుజాన్ లేసీని నాలుగు వాక్యాలలో పరిచయం చేసి, ఆమె ప్రదర్శనల ఫొటోలు రెండు వేశాము. ఒకదానిలో నల్లని దుస్తులు ధరించిన వందలాది వృద్ధ స్త్రీలు చిన్న చిన్న బల్లల చుట్టూ కూర్చొని మాట్లాడుకుంటున్నారు. రెండోదానిలో ఒక నగరపు పటం నిండా ఎర్రని ముద్రలు ఉన్నాయి. ఆ పేజీ గురించి ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఐదింటికి ఈసారి జవాబు రాస్తున్నాను. రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ఇవ్వడం లేదు.

ప్రశ్న: ఆ ఫొటోలో అవ్వలు ఊరికే కూర్చొని మాట్లాడుకుంటున్నారు. అది చిత్రలేఖనం కాదు, నాట్యం కాదు, నాటకమూ కాదు. మా పెదనాన్నకు చూపిస్తే, "ఇది మన అరుగుల మీద రోజూ జరిగేదే కదా బిడ్డా, దీనికి కళ అని పేరెందుకు?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ఆమె అసలు ఏం చేసింది, కళాకారిణి ఎట్లా అయింది? కొంచెం వివరంగా చెప్పండి.
– బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని, నల్లగొండ

జవాబు: మీ పెదనాన్నగారు అడగవలసిన ప్రశ్నే అడిగారు. యాభై ఏండ్లకు పైబడిన లేసీ కృషి అంతా ఆ ప్రశ్న చుట్టే తిరిగింది కనుక, మొదటి నుంచి చెబుతాను.

లేసీ 1945లో కాలిఫోర్నియాలోని వాస్కో అనే చిన్న వ్యవసాయ పట్టణంలో పుట్టారు. ఆమె మొదట చదివినది జంతుశాస్త్రం. మనస్తత్వశాస్త్రం చదవడానికి ఫ్రెస్నో వెళ్లినప్పుడు, అక్కడ 1970లో జూడీ చికాగో అనే కళాకారిణి విద్యార్థినుల కోసమే ప్రత్యేకంగా ప్రారంభించిన కళా తరగతిలో చేరారు. ఆ తరగతిలో ఒక పద్ధతి ఉండేది. అందరూ గుండ్రంగా కూర్చొని, ఒక్కొక్కరుగా తమ జీవితంలో జరిగినది చెప్పాలి. ఒకరు చెబుతున్నంతసేపు మిగిలినవారు అడ్డుపడకుండా వినాలి. లేసీ తరువాత చేసిన పెద్ద ప్రదర్శనలన్నింటికీ విత్తనం ఆ వలయంలోనే పడిందని నేను నమ్ముతాను. అటుపిమ్మట ఆమె కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది ఆర్ట్స్‌లో ఆలన్ కాప్రో దగ్గర కూడా చదువుకున్నారు. రంగస్థలంతో పని లేకుండా, నటులు కానివారితో, రోజువారీ చేష్టలనే కళాఘటనలుగా మలచవచ్చని 1950ల చివరి నుంచే చేసి చూపినవారు కాప్రో. మాట్లాడుకునే స్త్రీల వలయం ఒకచోట, రోజువారీ పనినే కళగా చూసే దృష్టి మరొకచోట ఆమెకు దొరికాయి.

1972లో మరో ముగ్గురు కళాకారిణులతో కలిసి ఆమె చేసిన ఒక ప్రదర్శనలో, అత్యాచారానికి గురైన స్త్రీలు చెప్పిన మాటలను టేపు మీద వినిపించారు. ఆ రోజుల్లో అమెరికాలో కూడా ఈ విషయం బాహాటంగా మాట్లాడేవారు తక్కువ. అయితే ఆ ప్రదర్శనకు వచ్చినవారు కళారంగం వారే. ఈ మాట చేరవలసిన చోటు అది కాదని లేసీకి అనిపించి ఉండాలి, ఎందుకంటే ఐదేండ్ల తరువాత ఆమె పని నేరుగా లాస్ ఏంజిలిస్ నగరపాలక భవనం దగ్గరి అంగళ్ల సముదాయంలోకి వచ్చింది. 1977 మే నెలలో మూడు వారాల పాటు, ప్రతిరోజూ పోలీసుల దగ్గరికి వెళ్లి, ముందురోజు నమోదైన అత్యాచారాల వివరాలు తెచ్చుకొని, అక్కడ పెట్టిన పెద్ద నగర పటం మీద ఆయా స్థలాల్లో ఎర్రని ముద్ర కొట్టేవారు. మీరు చూసిన ఫొటో దానిదే. ఒక్కొక్క ముద్ర చుట్టూ తొమ్మిది లేత ముద్రలు కూడా ఉండేవి. ఫిర్యాదు దాకా రాని ఘటనలకు అవి గుర్తు. పక్కనే రెండో పటం పెట్టి, బాధితురాలికి సహాయం దొరికే ఆస్పత్రులు, సహాయ కేంద్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించారు. జనం మొదటి పటం గురించే ఎక్కువ మాట్లాడుతారు. నా దృష్టిలో రెండో పటం లేకపోతే మొదటిది సగం పనే.

అదే ఏడాది అక్టోబరు నుంచి ఆ నగరంలో వరుసగా స్త్రీల హత్యలు జరిగాయి. పత్రికలూ టీవీలూ వాటిని భయం పుట్టించే కథల్లాగా చెబుతూ వచ్చాయి. డిసెంబరులో లేసీ, లెస్లీ లెబోవిట్జ్ అనే మరో కళాకారిణి కలిసి, స్త్రీలను శవవాహనం వెంట ఊరేగింపుగా నగరపాలక భవనం మెట్ల దగ్గరికి తీసుకువచ్చారు. తల నుంచి పాదాల దాకా నల్లని ముసుగులు వేసుకొని, మామూలు మనిషికన్నా ఎత్తుగా కనిపించే స్త్రీలు ఒక్కొక్కరుగా మైకు ముందుకు వచ్చి, హత్య ఒక్కటే కాదు, స్త్రీల మీద జరిగే హింసలో ఒక్కొక్క రూపాన్ని పేరు పెట్టి చెప్పారు. కెమెరా ఎక్కడ నిలబడుతుంది, ఎంతసేపు తీస్తుంది, సాయంత్రం వార్తల్లో ఏ దృశ్యం పడుతుంది అనేవన్నీ ముందే ఆలోచించి రూపొందించిన ప్రదర్శన అది. లేసీని మల్టీమీడియా కళాకారిణి అనడంలో అర్థం ఇదే. వీడియో, పటం, శబ్దం వాడడంతో ఆమె ఆగలేదు, వార్తాప్రసారాన్ని కూడా తన పనిలో భాగంగా వాడుకున్నారు.

ఇక అవ్వల ఫొటో. అది 1987 మే 10న, అమెరికాలో అమ్మల దినోత్సవం నాడు, మినియాపొలిస్ నగరంలో ఒక పెద్ద భవనపు అద్దాల మండపంలో జరిగింది. పాల్గొన్నవారు 430 మంది. అందరూ 60 ఏండ్లు దాటినవారే. ప్రదర్శన పేరును తెలుగులో 'స్ఫటికపు బొంత' అనవచ్చు, ఎందుకంటే దాని ఆకారం బొంతదే. మన అవ్వలు పాత చీరల ముక్కలు కలిపి కుట్టినట్లుగా, మిరియం షపీరో అనే చిత్రకారిణి నేల మీద ఎరుపు, నలుపు, పసుపు రంగులతో పెద్ద నమూనా రూపొందించారు. బల్లల మీద నల్లని గుడ్డలు మడత విప్పగానే ఎరుపు, పసుపు రంగులు బయటపడ్డాయి. నలుగురు నలుగురుగా కూర్చొన్న స్త్రీలు వయసు పైబడడం గురించి, చేసిన పని గురించి, పోగొట్టుకున్నవాటి గురించి మాట్లాడుకున్నారు. పది నిమిషాలకొకసారి అందరూ ఒక్కసారిగా బల్లల మీద చేతుల భంగిమ మార్చేవారు. పైఅంతస్తుల నుంచి చూసేవారికి బొంత తనంతట తాను కదిలి కొత్త నమూనా అయినట్లు కనిపించేది. రికార్డు చేసిన స్త్రీల గొంతులు ఆ చోటంతా వినిపించాయి. ఈ ఒక్క మధ్యాహ్నం కోసం రెండేండ్లకు పైగా ఆ రాష్ట్రంలోని వృద్ధ స్త్రీలతో సమావేశాలు, శిక్షణ తరగతులు జరిగాయి.

ఇప్పుడు మీ పెదనాన్నగారి మాటకు వస్తాను. లేసీ 2013 అక్టోబరులో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో, ఒకే వీధిలోని ఇండ్ల ముందరి మెట్ల మీద, దాదాపు 400 మందిని గుంపులు గుంపులుగా కూర్చోబెట్టారు. కొద్దిమంది తప్ప అందరూ స్త్రీలే. ఎవరికీ రాసిచ్చిన సంభాషణలు లేవు. పని, ఇల్లు, హింస, వలస, కూలి గురించి వారు మాట్లాడుకుంటుంటే, వేలమంది ఆ వీధిలో నడుస్తూ, ఒక్కొక్క గుంపు దగ్గర ఆగి విన్నారు. అంటే ఆయన చెప్పినది అక్షరాలా జరిగింది. అరుగులే కళాస్థలం అయ్యాయి. అయితే మన అరుగు మీద ఎవరు ఏ మాట అనవచ్చో ముందే తీర్మానమై ఉంటుంది. అత్త ఉన్నచోట కోడలు అనలేని మాట ఉంటుంది, దొడ్డమ్మ వింటుందని మింగేసే మాట ఉంటుంది, మగవారు అటుగా రాగానే మారిపోయే ముచ్చట ఉంటుంది. లేసీ చేసినదేమంటే, ఆ మాట ఎవరి ముందు రావాలో, ఎంత దూరం నుంచి వినబడాలో, వినేవాడు ఎక్కడ నోరు మూసుకొని నిలబడాలో నిర్ణయించడం. చిత్రకారుడికి రంగు ఎట్లాగో ఆమెకు వినడం అట్లా. రోజూ ఇంట్లో మండే దీపాన్నే బతుకమ్మ మధ్యలో పెడితే దాన్ని చూసే చూపు మారినట్లు, ఆ అమరికలో అదే మాటను వినే చెవి మారుతుంది. మీ పెదనాన్నగారు ఈ జవాబుతో ఏకీభవించకపోతే, ఆయన అభ్యంతరం కూడా రాసి పంపండి.

ప్రశ్న: బతుకమ్మ ఆడే స్త్రీలు వలయంగా తిరుగుతూ పాడుతారు. 2011లో తెలంగాణ ఉద్యమంలో రోడ్ల మీద వంటావార్పు చేశాము. ఇవన్నీ పెర్ఫార్మెన్స్ ఆర్ట్ కావా? పడమటి పేరు పెడితేనే గౌరవమా?
– అధ్యాపకుడు, మహబూబ్‌నగర్

జవాబు: వస్తువు కాక, చేసే చేష్టే కళగా నిలిచే ప్రదర్శనను పెర్ఫార్మెన్స్ ఆర్ట్ అంటారు. గౌరవానికి ఆ పేరుతో పనిలేదు. బతుకమ్మకు కర్త ఒకరు ఉండరు. అది ఆడేవారందరిదీ, దానికి కళాకారిణి సంతకం అవసరం లేదు, దాన్ని పెర్ఫార్మెన్స్ ఆర్ట్ అన్నంత మాత్రాన పెరిగేదీ లేదు. వంటావార్పు సంగతి వేరు. పొయ్యిని ఇంటి నుంచి రోడ్డు మధ్యకు తేవడంలో గొప్ప దృశ్యభావన ఉంది; రాకపోకలను ఆపినది అన్నం గంజే. లాస్ ఏంజిలిస్ మెట్ల మీద లేసీ చేసినదానికీ దీనికీ దగ్గరి చుట్టరికం ఉంది. ఒక్క తేడా నాకు కనిపిస్తుంది. వంటావార్పులో పొయ్యి రోడ్డు మీదికి వచ్చింది కానీ, ఇన్నేండ్లు ఆ పొయ్యి దగ్గర ఎవరు కూర్చున్నారన్న ప్రశ్న రోడ్డు మీదికి రాలేదు. స్త్రీవాద కళాకారిణి అదే దృశ్యాన్ని తీసుకొని ఆ రెండో ప్రశ్న అడుగుతుంది. మార్తా రోస్లర్ అనే అమెరికన్ కళాకారిణి 1975లో ఆరు నిమిషాల నలుపు తెలుపు వీడియోలో, వంటింటి సామాన్లను అక్షరమాల క్రమంలో ఒక్కొక్కటిగా చేతబట్టి, వాడుక చూపే నెపంతో లోపలి కోపమంతా ఆ చేతి విసురులోనే చూపించారు. అట్లాంటి పని మన పొయ్యి ముందు నుంచి కూడా రావాలని నా కోరిక.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న నా బిడ్డ, పెయింటింగ్ తగ్గించి పెర్ఫార్మెన్స్, వీడియో చేస్తానంటున్నది. నేను వద్దనడం లేదు. కానీ ప్రదర్శన అయిపోయాక అమ్మడానికి ఏమీ మిగలదు కదా, ఆమె ఎట్లా బతుకుతుంది? పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి, పింఛను తప్ప వేరే ఆదాయం లేదు.
– ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: వద్దనకుండా ఈ ప్రశ్న అడిగినందుకు నమస్కారం. ఉన్నదున్నట్లు చెబుతాను. ఈ రంగంలో కేవలం ప్రదర్శనల మీద బతికినవారు ప్రపంచంలోనే తక్కువ. లేసీ జీవితమంతా బోధించారు. 2007లో లాస్ ఏంజిలిస్‌లోని ఓటిస్ కళాశాలలో, ప్రజల మధ్య చేసే కళ కోసం పోస్టు గ్రాడ్యుయేట్ కోర్సును మొదలుపెట్టినది ఆమే. రోస్లర్ కూడా ఏండ్ల తరబడి విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలు. మియర్లీ లాడర్‌మన్ యూకలీస్ అనే మరో కళాకారిణి 1977 నుంచి న్యూయార్క్ నగర పారిశుద్ధ్య శాఖలో కళాకారిణిగా పనిచేశారు, అదీ జీతం లేకుండా. కాబట్టి మీ బిడ్డకు కళతో పాటు మరొక ఆధారం అవసరమవుతుందని ముందే అనుకోవడం మంచిది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. బడిలో డ్రాయింగ్ చెప్పడం, వీడియో ఎడిటింగ్, శబ్దం రికార్డు చేయడం, ఇవన్నీ ఆమె కళకు కూడా పనికివచ్చే పనులే.

అమ్మడానికి ఏమీ మిగలదన్నది మాత్రం పూర్తిగా నిజం కాదు. ప్రదర్శన ఒక రోజుతో ముగుస్తుంది, కానీ దాని వీడియో, ఫొటోలు, శబ్దం, వాడిన వస్తువులు మిగులుతాయి. స్ఫటికపు బొంత ఇప్పుడు లండన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉంది. 2012లో టేట్ మోడరన్ వారు దాని వీడియోలను, శబ్దాన్ని, ఫొటోలను కలిపి మళ్లీ చూపించారు. 2019లో శాన్ ఫ్రాన్సిస్కోలో రెండు సంస్థలు కలిసి లేసీ యాభై ఏండ్ల పనిని ప్రదర్శనగా పెట్టాయి. 1977లో కొట్టిన ముద్రలను ఆమె జాగ్రత్తగా దాచకపోయి ఉంటే ఆ ప్రదర్శనలో గోడలు ఖాళీగా ఉండేవి. అందుకే మీ బిడ్డకు మీరు కొనివ్వదగిన మొదటి వస్తువు హార్డ్ డిస్కు అంటాను. ఒకటి కాదు, రెండు, రెండూ వేర్వేరు ఇండ్లలో ఉండేట్లు.

మన దేశంలోని తోవలు కూడా చెబుతాను. బెంగళూరులో 1993లో స్థాపించిన ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కళాకారులకు ఆర్థిక సహాయం ఇస్తుంది. భారతీయ భాషల్లో కూడా దరఖాస్తు రాయవచ్చు కనుక ఇంగ్లీషు రాదన్న బెరుకు అక్కరలేదు. ఢిల్లీలో 1997 నుంచి పనిచేస్తున్న ఖోజ్ సంస్థ, ప్రయోగాలు చేసే కళాకారులకు కొంతకాలం ఉండి పనిచేసుకునే అవకాశం కల్పిస్తుంది. 2012లో కేరళలో మొదలైన కొచ్చి ముజిరిస్ బినాలేకు (బినాలే అంటే రెండేండ్లకొకసారి జరిగే పెద్ద కళాప్రదర్శన) అనుబంధంగా విద్యార్థుల బినాలే కూడా నడుస్తుంది; చదువు ముగిసేలోగా ఆమె దాని వైపు చూడాలి. వీటన్నింటికీ అవసరమైన విద్య ఒకటి ఉంది, దాన్ని కళాశాలల్లో చాలినంతగా నేర్పరు: తాను చేయదలచుకున్న పనిని రెండు పేజీల్లో స్పష్టంగా రాయడం, దానికి అయ్యే ఖర్చును పైసలతో సహా లెక్క కట్టడం. మీరు ఉపాధ్యాయులు; ఈ రెండింటిలో మీ బిడ్డకు మీకన్నా మంచి గురువు దొరకరు.

ఒక జీవితం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలోని భయం అబద్ధం కాదు. 1952లో బెంగళూరులో పుట్టిన రుమ్మానా హుసేన్ మొదట చిత్రకారిణి. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చివేత, ఆ వెంటనే ముంబైలో జరిగిన హింస తరువాత ఆమె పని పూర్తిగా మారిపోయింది. మట్టి, పగిలిన కుండలు, ఫొటోలు, తన సొంత శరీరం ఆమె కళకు సామగ్రి అయ్యాయి. 1995లో ముంబైలోని నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ ప్రాంగణంలో, కాళ్లకు గజ్జెలు కట్టుకొని, సగానికి కోసిన బొప్పాయి చేతబట్టి, నోరు తెరిచి, కేక బయటకు రానివ్వకుండా నడిచారు. ఆ రోజుల్లో మన దేశంలో ఇట్లాంటి కళను కొనేవారు దాదాపు లేరు. క్యాన్సర్‌తో ఆమె 1999లో చనిపోయారు, ఆమె పనికి విస్తృతమైన గుర్తింపు ఆ తరువాతే వచ్చింది. అట్లా కాకుండా, దీర్ఘకాలం పనిచేసి బతికుండగానే గౌరవం అందుకున్నవారు కూడా మన మధ్య ఉన్నారు. 1946లో కరాచీలో పుట్టి, విభజన నాడు కుటుంబంతో ఇటు వచ్చిన నళినీ మలానీ చిత్రలేఖనం నుంచి వీడియోకు, నీడలు తిరిగే పెద్ద అమరికలకు వచ్చారు. 2023లో జపాన్ వారి క్యోటో బహుమతి ఆమెకు లభించింది. ఆమె బొమ్మ వేయడం ఏనాడూ మానలేదన్న సంగతి మీ బిడ్డకు చెప్పండి. పెయింటింగ్ తగ్గించవచ్చు, వదలకూడదు.

ప్రశ్న: మాది పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం. మా అమ్మ ఇరవై ఏండ్లకు పైగా ఆసు పోసింది. ఇప్పుడు కుడి భుజం పైకి లేవదు. ఆ చేతి కదలిక మీద ఒక వీడియో చేయాలని ఉంది, కానీ అమ్మ బాధను చూపించి పేరు తెచ్చుకున్నట్లు అవుతుందేమోనని భయం. ఏం చేయమంటారు?
– డిజైన్ విద్యార్థిని, యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: ఆ భయాన్ని పోగొట్టుకోకండి, మీ వీడియోకు అదే కాపలా. చేనేత తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను: ముడులు కట్టి రంగు అద్దే ముందు, నూలును మేకుల వరుస చుట్టూ ముందుకూ వెనక్కూ తిప్పి పోయాలి, దానినే ఆసు అంటారు. ఒక చీరకు చేయి దాదాపు 9,000 సార్లు తిరగాలి. మగ్గం మీద కూర్చొన్నవారికి నేతగాడన్న పేరు ఉంది. ఆసు పోసిన ఇల్లాలికి చాలాకాలం దాకా పేరే లేదు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, చాలా ఏండ్లు కష్టపడి ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆ కదలికను ఆపడానికి యంత్రం కనిపెట్టారు. మీరు ఆ కదలికను చూడని లోకానికి చూపించబోతున్నారు. రెండూ ఒకే ప్రేమలోంచి వచ్చిన పనులే.

యూకలీస్ గురించి పైన రాశాను. బిడ్డ పుట్టాక, ఇల్లు ఊడ్చి, గుడ్డలు ఉతికి, పిల్లలను సాకే పనిలో తన కళ ఎక్కడికి పోయిందని ఆమె ప్రశ్నించుకున్నారు. ఆ పనులనే కళగా ప్రకటిస్తూ 1969లో ఒక ప్రకటన రాశారు. 1973లో ఒక మ్యూజియం మెట్లను మోకాళ్ల మీద కూర్చొని కడిగారు. 1979, 80లలో న్యూయార్క్ పారిశుద్ధ్య కార్మికులు 8,500 మందిని ఒక్కొక్కరిగా కలిసి, చేయి కలిపి, నగరాన్ని బతికిస్తున్నందుకు కృతజ్ఞతలు చెప్పారు. ఆమె వారి బాధను ఫొటో తీసుకొని వెళ్లిపోలేదు. ముందు తాను వారి దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. మీ సందేహానికి నేను ఇవ్వగల జవాబు ఆ వరుసలోనే ఉంది. మీ అమ్మగారి భుజాన్ని కాక, ఆసు పోసే మీ సొంత చేతిని కెమెరా ముందు పెట్టండి. ఆమె పక్కన కూర్చొని నేర్పాలి, మీరు తప్పు చేస్తే తిట్టాలి, ఆ మాటలన్నీ రికార్డు కావాలి. 9,000 సార్లూ తిప్పండి, మధ్యలో కోత పెట్టకండి. చూసేవారికి విసుగు రానివ్వండి, ఎందుకంటే ఆ కాలమే మీ విషయం. వీడియో మొదట ఆమె చూడాలి. వద్దన్న భాగం తీసేయాలి. పేర్లు పడే చోట ఆమె పేరు మీ పేరు కన్నా ముందు ఉండాలి.

ప్రశ్న: మాది వలస ఊరు. సగం ఇండ్లకు తాళాలు, మిగిలిన ఇండ్లలో ముసలివాళ్లు, చిన్న పిల్లలతో ఆడవాళ్లు. పుణె, ముంబై పోయి తిరిగి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. మా మహిళా సంఘంలో చదువుకున్న ఒక చెల్లె మీ పేజీ చదివి వినిపించింది. అరుగుల మీద కూర్చొని మాట్లాడడమే అయితే మేమూ చేయగలం అనిపించింది. నిజంగా చేయవచ్చా? దేనితో మొదలుపెట్టాలి?
– మహిళా సంఘం సభ్యురాలు, నారాయణపేట జిల్లా

జవాబు: అక్కా, తప్పకుండా చేయవచ్చు, ఇందుకు ఎవరి అనుమతీ, ఏ పట్టా అక్కరలేదు. అయితే ఇది ఒక్క రోజు పని కాదు. మినియాపొలిస్ అవ్వలు రెండేండ్లు కలుసుకున్న తరువాతే బల్లల దగ్గర కూర్చున్నారని పైన రాశాను. మీకు సంఘం ఉంది, నెలనెలా కూర్చునే అలవాటు ఉంది, కాబట్టి మీ పని సగం అయిపోయినట్లే. ముందు మూడు నాలుగు సమావేశాలలో అప్పు, పొదుపు లెక్కలు ముగిశాక ఒక గంట పక్కన పెట్టి, ఒక్కొక్కరు చెప్పడం, మిగతావారు వినడం అలవాటు చేసుకోండి. అందులో ఏ మాటలు ఊరి ముందు చెప్పదగినవో, ఏవి నాలుగు గోడల మధ్యనే ఉండాలో చెప్పినవారే తేల్చాలి, అధ్యక్షురాలు కాదు.

ఊరి ముందు చెప్పలేని మాట ఉంటే దానికి వేరే తోవ ఉంది. దక్షిణ అమెరికాలోని క్విటో నగరంలో తమ మీద జరిగిన హింస గురించి వేలమంది స్త్రీలు ఉత్తరాలు రాశారు. 2015 నవంబరు 25న, ఎద్దుతో మనిషి తలపడే పోటీలు జరిగే మైదానంలో, లేసీ రూపొందించిన ప్రదర్శనలో వందలాది మగవారు ఆ ఉత్తరాలను గొంతెత్తి చదివారు. రాసిన స్త్రీ ఎవరో తెలియదు, కానీ మాట బయటకు వచ్చింది, అదీ ఒక పురుషుడి నోటి నుంచి. మీ ఊళ్లో రాయడం వచ్చిన చెల్లె, రాయలేనివారి మాటను పేరు లేకుండా రాసిపెట్టవచ్చు. బయటి ఊరి నుంచి వచ్చిన కొడుకులు, తమ్ముళ్లు దాన్ని చదువుతారా అని అడిగి చూడండి. ఒక్కడు ఒప్పుకున్నా మొదలు పెట్టవచ్చు.

ఇంట్లో దెబ్బల మాట తప్పక వస్తుంది. చెప్పిన ఆడమనిషి ఆ రాత్రి అదే ఇంటికి తిరిగి వెళ్లాలన్న సంగతి మరువకండి. లాస్ ఏంజిలిస్‌లో లేసీ రెండో పటం ఎందుకు పెట్టారో ఇక్కడ అర్థమవుతుంది. మీరు కూర్చునే చోట, గోడ మీద పెద్ద అక్షరాలతో స్త్రీల సహాయ నంబరు 181 రాయండి; హింసకు గురైన స్త్రీలకు సహాయం చేసే సఖి కేంద్రం జిల్లాలో ఎక్కడ ఉందో, అక్కడికి ఏ బస్సు పోతుందో కూడా రాయండి. ఫోన్లతో వీడియో తీయడానికి ముందే ఇద్దరిని నిర్ణయించి, మిగిలినవారి ఫోన్లు ఒక బుట్టలో పెట్టించండి. తీసిన వీడియో ఎవరి దగ్గర ఉంటుందో, దాన్ని ఎవరు తుడిపివేయవచ్చో పుస్తకంలో తీర్మానం రాసి వేలిముద్రలు వేయించండి.

తాళం వేసిన ఇండ్ల అరుగులను ఖాళీగానే ఉంచండి. వాటి మీద ఎవరినీ కూర్చోబెట్టకండి. ఆ ఇంటి నుంచి పోయినవారు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారో సుద్దముక్కతో అరుగు మీద రాయండి చాలు. నడిచి వచ్చేవారు ఒక అరుగు దగ్గర మాట వింటారు, పక్క అరుగు దగ్గర ఊరి పేరు చదువుతారు. వానలు పడి, పోయినవాళ్లు విత్తనాలకు తిరిగి వచ్చే రోజులైతే, వారే తమ చేత్తో ఆ పేరు చెరిపి అరుగు మీద కూర్చోవచ్చు. తేదీ అనుకున్నాక ఒక కార్డు రాయండి. నేను వస్తాను, మగవారితో పాటు కింద నిలబడి వింటాను.